అహం గుమ్మం బయటే

1985 జనవరి 28 రాత్రి, లాస్ ఏంజెలెస్. పాట ఒకటి, రాత్రి ఒకటి, గొంతులు 45. వాళ్ళందరినీ తెల్లారేదాకా పట్టి ఉంచాల్సిన మనిషి ఒక్కడే.

*

అమెరికాలో పేరున్న గాయకులందరినీ ఒక గదిలోకి చేర్చాలంటే ఎన్నాళ్ళు పడుతుంది? మేనేజర్లను అడిగితే ఏడాది అంటారు. ఒకరు టూర్‌లో ఉంటారు, ఇంకొకరు ఆల్బమ్ పనిలో ఉంటారు, మూడోవారికి ఆ ఇద్దరిలో ఒకరి మొహం చూడ్డం ఇష్టముండదు. కెన్ క్రాగెన్ ఎవర్నీ అడగలేదు. తానే మేనేజర్ కాబట్టి ఆ తిప్పలన్నీ అతనికి తెలుసు. కేలండర్ ముందేసుకుని ఒక తేదీ మీద వేలు పెట్టాడు. జనవరి 28, సోమవారం. ఆ సాయంత్రం ష్రైన్ ఆడిటోరియంలో అమెరికన్ మ్యూజిక్ అవార్డుల పండగ. సగం మంది ఎలాగూ ఊళ్ళోనే ఉంటారు. వేడుక అయ్యాక ఇంటికి పోనివ్వకుండా స్టూడియోకి మళ్ళించగలిగితే చాలు.

అంతకు మూడు నెలల ముందు, 1984 అక్టోబరులో, ఇథియోపియా కరువు మీద బీబీసీ చూపించిన దృశ్యాలు ప్రపంచానికి అన్నం సయించకుండా చేశాయి. ఐర్లండ్ గాయకుడు బాబ్ గెల్డాఫ్ నవంబరు 25న లండన్‌లో తోటి గాయకుల్ని పోగేసి, విరాళాల కోసం ఒక పాట రికార్డు చేయించాడు. డిసెంబరు చివర్లో గాయకుడు హారీ బెలఫాంటే క్రాగెన్‌కి ఫోన్ చేసి, ఈ పని మనమెందుకు చెయ్యకూడదన్నాడు. క్రాగెన్ తన దగ్గరున్న లయనల్ రిచీని అడిగాడు. ఆ మాట క్విన్సీ జోన్స్‌కి చేరింది, అక్కణ్ణుంచి మైకేల్ జాక్సన్‌కి. మైకేల్, లయనల్ కలిసి మైకేల్ ఇంట్లోనే ‘వి ఆర్ ది వరల్డ్’ పాట కట్టారు. అది పూర్తయింది జనవరి 21న. చేతిలో ఉన్నది సరిగ్గా వారం.

ఆ వారమంతా, ఆ రాత్రంతా పాట బరువు మోసినవాడు క్విన్సీ జోన్స్. సినిమాకి దర్శకుడు ఎలాగో, రికార్డింగుకి ఇతను అలా. ఏ వాయిద్యం ఎక్కడ మోగాలి, ఏ గొంతు ఎక్కడ లేవాలి, ఏ టేక్ ఉంచాలి, ఏది చెత్తబుట్టలో వెయ్యాలి, అన్నీ అతని మాటే. ఆ రాత్రి స్టూడియోలో కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి. ఆ దృశ్యాలూ, అక్కడున్నవాళ్ళు తర్వాత చెప్పుకున్న ముచ్చట్లూ పక్కపక్కన పెట్టుకుంటే, ఇన్నేళ్ళ తర్వాత మనం కూడా అతని వెనకాలే నడవొచ్చు.

*

ముందు కాగితం పని. జనవరి 22న కెన్నీ రోజర్స్‌కి చెందిన స్టూడియోలో వాయిద్యాల ట్రాకు రికార్డయింది. డ్రమ్స్ జాన్ రాబిన్సన్, బాస్ గిటార్ లూయిస్ జాన్సన్, పియానో గ్రెగ్ ఫిలింగేన్స్. దాని మీద మైకేల్, లయనల్ దారి చూపించడానికి పాడి పెట్టారు. ఆ టేపును క్యాసెట్లుగా తీసి, ఒక్కోదానికీ నంబరు వేసి, క్విన్సీ ఉత్తరంతో గాయకులకు పంపించారు. ఉత్తరంలో గట్టి షరతులు: క్యాసెట్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు, కాపీ తియ్యొద్దు, 28 రాత్రి వచ్చేటప్పుడు వెంట తెచ్చి అప్పజెప్పాలి. లక్షల రికార్డులు అమ్ముడయ్యే మనుషులకు పరీక్ష హాల్లో పిల్లలకు పెట్టినట్టు షరతులు పెట్టారన్నమాట. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. స్టూడియో ఎక్కడో బయటికి పొక్కితే వీధంతా జనం. జనాన్ని చూస్తే కార్లు అటునుంచి అటే వెనక్కి తిరుగుతాయి.

ఇంకో కాగితం మరీ కష్టమైనది. ఏ లైను ఎవరిది? పాటలో సోలో గొంతులు 21. ఆ 21 మందిలో ఒక్కరు కూడా కోరస్‌కి అలవాటుపడ్డవారు కాదు. వోకల్ అరేంజర్ టామ్ బాలర్ అందరి రికార్డులూ వేసుకుని విన్నాడు. ఒక్కో గొంతు ఎంత కిందికి దిగుతుంది, ఎంత పైకి పోతుంది, ఎక్కడ తియ్యగా ఉంటుంది, ఎక్కడ చీలుతుంది, అన్నీ చూసుకుని లైన్లు పంచాడు. టీనా టర్నర్ కింది స్థాయిలో మొదలుపెడితే పక్కనే బిల్లీ జోయెల్ అందుకోవాలి. విల్లీ నెల్సన్ ముక్కుతో పాడే మాట పక్కన డియాన్ వార్విక్ పట్టులాంటి గొంతు రావాలి. ఒక గొంతు ఆగి ఇంకో గొంతు ఎత్తుకునేసరికి విన్నవాడు ఉలిక్కిపడాలి, అయినా పాట ఒకటేనని తెలుస్తూ ఉండాలి. ఎవరికి ఎన్ని మాటలొచ్చాయో రేపు పక్కవాళ్ళు వేళ్ళమీద లెక్కేసుకుంటారని క్విన్సీకి తెలియంది కాదు. అందుకే రాత్రి వచ్చేలోగా నేల మీద టేపు ముక్కలు అంటించి, ఒక్కోదాని మీద ఒక పేరు రాయించాడు. నేనెక్కడ నిలబడాలని అడిగే అవసరం ఎవరికీ లేదు. కిందికి చూస్తే తన పేరు తనకే కనిపిస్తుంది. బేరమాడాలంటే నేలతో ఆడుకోవాలి.

అప్పటికి క్విన్సీకి 51 ఏళ్ళు. పదిహేను పదహారేళ్ళప్పుడు సియాటిల్‌లో ట్రంపెట్ పట్టుకు తిరిగేవాడు. అప్పుడు తోడు దొరికిన కుర్రాడే రే చార్ల్స్. తర్వాత పారిస్‌లో నాడియా బులాంజే దగ్గర పాఠాలు చెప్పించుకున్నాడు. ఫ్రాంక్ సినాట్రా పాడుతుంటే కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాని నడిపించాడు. 1974లో మెదడులో రక్తనాళం చిట్లి ప్రాణాల మీదికొచ్చింది. బతికి బయటపడ్డాడు గానీ ట్రంపెట్ ఊదడం మానుకోవాల్సి వచ్చింది. 1979లో ‘ఆఫ్ ది వాల్’, 1982లో ‘థ్రిల్లర్’ మైకేల్‌తో అతను చేసిన ఆల్బమ్‌లే. గదిలో ఎవరు గొంతెత్తినా వాళ్ళకన్నా పెద్దవాళ్ళతో పనిచేసిన మనిషి. ఆ రాత్రికి కావలసిన అర్హతల్లో ఇదీ ఒకటనిపిస్తుంది నాకు. సినాట్రాకి ‘మళ్ళీ పాడండి’ అని చెప్పగలిగినవాడికి ఎవరికైనా చెప్పడం వస్తుంది.

*

లా బ్రెయా అవెన్యూలో ఏ అండ్ ఎమ్ స్టూడియో. ఒకప్పుడు చార్లీ చాప్లిన్ తన సినిమాల కోసం కట్టించుకున్న స్థలం. తలుపు దగ్గర క్విన్సీ ఒక నోటీసు పెట్టించాడు: మీ అహాన్ని ఇక్కడే వదిలి లోపలికి రండి. మనం గుడి ముందు చెప్పులు విడిచినట్టన్నమాట. వెంట వచ్చిన పరివారమంతా కూడా బయటే ఆగాలి. మేనేజరు లేడు, మేకప్ మనిషి లేడు, మంచినీళ్ళు అందించే కుర్రాడు లేడు. చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి తమ కోటు తామే తగిలించుకోవాల్సి వచ్చినవాళ్ళు ఆ రాత్రి కొందరైనా ఉండే ఉంటారు.

మైకేల్ అవార్డుల వేడుకకు వెళ్ళలేదు. మిగతావాళ్ళకన్నా ముందే వచ్చేశాడు. నల్లకోటు, దాని మీద బంగారు రంగు పట్టీలు. ఖాళీ స్టూడియోలో మైకు ముందు ఒక్కడే నిలబడి పల్లవి పాడాడు. కోరస్‌కి దారి చూపించే గొంతు అది. అద్దం అవతల కంట్రోల్ రూమ్‌లో క్విన్సీ, బోర్డు ముందు ఇంజనీరు ఉంబెర్టో గాటికా. అప్పటికింకా అంతా నిమ్మళంగానే ఉంది.

రాత్రి పది అయ్యేసరికి కార్లు వరసకట్టాయి. ఆ సాయంత్రం అవార్డుల వేడుకకు వ్యాఖ్యాత లయనల్ రిచీ. చేతినిండా బహుమతులు గెలుచుకుని ఆ ఊపులోనే వచ్చేశాడు. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ముందురోజే న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో కచేరీ ముగించి వచ్చాడు. డ్రైవరూ లేడు, హడావుడీ లేదు. కారు తానే నడుపుకొచ్చి వీధి అవతల ఆపి, రోడ్డు దాటి నడిచొచ్చాడు. స్టీవీ వండర్ వచ్చినవాళ్ళందరికీ ఒకటే హెచ్చరిక చేస్తున్నాడు: ఒక్క టేక్‌లో పూర్తి కాకపోతే నేనూ రే చార్ల్స్ కలిసి మిమ్మల్నందర్నీ కారులో ఇళ్ళకు దిగబెడతాం! ఇద్దరికీ చూపు లేదు. ఎవడూ టేక్ పాడుచెయ్యకూడదని చెప్పడానికి ఇంతకన్నా మంచి పద్ధతి క్విన్సీకి కూడా తట్టి ఉండదు. అంతమందినీ ఒకేచోట చూసి పాల్ సైమన్ ఇంకో ఛలోక్తి విసిరాడు. ఇప్పుడు ఇక్కడ బాంబు పడితే రేపటినుంచి జాన్ డెన్వరే మళ్ళీ నంబర్ వన్ అట.

నవ్వులు బాగున్నాయి గానీ, ఇవి పార్టీ నవ్వులు. వీటిని పాట వైపు తిప్పాలి. క్విన్సీ పాట ఎత్తుకోలేదు. ముందు గెల్డాఫ్‌ని నిలబెట్టాడు. అతను అప్పుడే ఇథియోపియా చూసి వచ్చిన మనిషి. నిద్రలేని కళ్ళు, మాసిన గడ్డం. అక్కడ తాను చూసింది చూసినట్టు చెప్పాడు. గదిలో చప్పుడు ఆగిపోయింది. ఆ మాటలు చల్లారకముందే క్విన్సీ అందర్నీ మెట్ల వరసల మీదికి ఎక్కించాడు. ఏ మాట ఎప్పుడు, ఎవరితో చెప్పించాలో తెలియడమే ఈ ఉద్యోగంలో సగం. మిగతా సగం చెవులు.

*

ముందు కోరస్. పైకి తేలిక పనే. నలభై ఐదు మంది కలిసి ఒకే వరస పాడాలి, అంతేగదా. చిక్కల్లా అక్కడే ఉంది. జీవితమంతా పక్కవాడి గొంతులో తన గొంతు కలవకుండా చూసుకున్నవాళ్ళు వీళ్ళు. కలిసిపోతే వీళ్ళకి అన్నం పుట్టదు. ఇప్పుడు కలవమంటున్నాడు. ఒకరు శ్రుతి పైన ఇంకో స్వరం వేస్తారు, ఒకరు చివర్లో గమకం తిప్పుతారు. క్విన్సీ చేతులతో కింద పెట్టమంటాడు, ఆపుతాడు, మళ్ళీ మొదలంటాడు. బాబ్ డిలాన్ పై వరసలో నిలబడ్డాడు. మొహంలో ఉక్కిరిబిక్కిరి. పెదవులు కదుపుతున్నాడా, పాడుతున్నాడా అన్నది చూస్తే తెలియదు. ఆ ఫుటేజీలో ఎన్నిసార్లు చూసినా ముందు కళ్ళబడేది ఆ మొహమే. పెళ్ళికి పిలిచారు కదా అని వచ్చి, వంటశాలలో తేలిన చుట్టంలా కనిపిస్తాడు. క్విన్సీ కూడా చూశాడు. ఏమీ అనలేదు. దాన్ని తెల్లవారుజాము కోసం దాచుకున్నాడు.

అర్ధరాత్రి దాటాక కొత్త తగాదా. కోరస్‌లో ఒకచోట ఆఫ్రికా వాసన తగిలేలా ఏదో ఒకటి ఉంటే బాగుంటుందని ముందునుంచీ అనుకుంటున్నారు. మైకేల్ అర్థం లేని కొన్ని అక్షరాలు కట్టి తెచ్చాడు. వాళ్ళను వెక్కిరించినట్టుంటుందేమోనని కొందరికి అనుమానం. అయితే స్వాహిలీలో ఒక లైను పాడదాం అన్నాడు స్టీవీ. గదిలో పదిమందికి పది అభిప్రాయాలు. కంట్రీ గాయకుడు వేలన్ జెన్నింగ్స్‌కి చిరాకెత్తింది. తనలాంటి మనిషి స్వాహిలీలో పాడడని గొణుక్కుంటూ తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. గెల్డాఫ్ అసలు సంగతి బయటపెట్టాడు: ఇథియోపియాలో స్వాహిలీ మాట్లాడరు.

కావలసినంత నవ్వులాటే. కానీ గడియారం నవ్వట్లేదు. ఇలాంటి చర్చ ఒక గంట నడిస్తే రాత్రి చేజారిపోతుంది. సగం మందికి పొద్దున విమానాలున్నాయి. క్విన్సీ ఎవర్నీ కసరలేదు. ఎవరి మాటా తీసిపారెయ్యలేదు. నలుగురికీ పనికొచ్చే నాలుగు ఇంగ్లీషు మాటలు దొరికేదాకా మాట్లాడనిచ్చి, దొరికిన మరుక్షణం టేపు తిప్పించాడు. నిజానికి ఈ పాట వినాల్సింది ఆకలిగొన్నవాళ్ళు కాదు, జేబులో డాలర్లున్నవాళ్ళు. ఆ జేబుకి అర్థమయ్యే భాష ఇంగ్లీషే.

అలసట దిగుతున్న వేళ స్టీవీ ఇద్దరు ఇథియోపియా ఆడవాళ్ళను లోపలికి తీసుకొచ్చాడు. వాళ్ళు తమ భాషలో, ఆ తర్వాత వచ్చీరాని ఇంగ్లీషులో థాంక్స్ చెప్పబోయి ఏడ్చేశారు. వాళ్ళను చూసి మిగతావాళ్ళూ ఏడ్చారు. ఇంకోసారి ఎవరో బెలఫాంటే పాత అరటిపళ్ళ పాట ఎత్తుకుంటే గదంతా అందుకుంది. ఈ ఆలోచన మొదలుపెట్టిన ముసలాయన వెనక వరసలో నిలబడి నవ్వుతున్నాడు. అతని వంతుకి సోలో లైను లేదు. అడగనూ లేదు.

ఇంతలో డయానా రాస్ పాట కాగితం పట్టుకుని డారిల్ హాల్ దగ్గరికి వెళ్ళి, మీ అభిమానిని, సంతకం పెట్టండి అంది. అంతే. గది కట్టలు తెంచుకుంది. అందరూ అందరి దగ్గరికీ కాగితాలు పట్టుకుని పరిగెత్తారు. చూస్తే స్కూలు ఆఖరి రోజులా ఉంది. నోటీసు చెయ్యలేని పని ఆ సంతకాల పిచ్చి చేసింది. ఎదుటివాడి సంతకం అడిగిన తర్వాత ఇంకెక్కడి అహం? క్విన్సీ ఆ గోలను ఆపలేదు. పది నిమిషాలు పోతే పోయాయి, ఇక సోలోలు తేలికవుతాయి.

ఈ మధ్యలో ఒకరు రాలేదు. ప్రిన్స్. మైకేల్ పక్కన నిలబడాల్సిన గొంతు, లైను కూడా రాసి పెట్టారు. అతన్ని రప్పించడం కోసమే, అతనితో కలిసి పనిచేసే గాయని షీలా ఈని పిలిచారు. ఆమె ఫోన్లు చేసింది. తనను పిలిచింది తన కోసం కాదని ఆమెకి అర్థమైంది, నొచ్చుకుని వెళ్ళిపోయింది. ప్రిన్స్ మాత్రం వేరే గదిలో కూర్చుని గిటారు వాయిస్తానన్నాడు. క్విన్సీ వద్దన్నాడు. గిటారు అవసరం లేదనడం పైకి చెప్పిన కారణం. ఒక్కరికి వేరే గది ఇస్తే నేల మీద అంటించిన టేపు ముక్కలన్నీ ఊడి వచ్చేస్తాయన్నది నా ఊహ. ఆ లైను హ్యూయీ లూయిస్‌కి దక్కింది. మైకేల్ పాడిన వెంటనే అందుకోవాలి. కాళ్ళు వణికిపోయాయని అతనే తర్వాత చెప్పుకున్నాడు.

*

తెల్లవారుజాము నాలుగు గంటల ప్రాంతం. ఇక సోలోలు. ఆ రాత్రిలో క్విన్సీ తీసుకున్న అసలు నిర్ణయం ఇక్కడే ఉంది.

మామూలు పద్ధతి ఏమిటంటే, ఒక్కొక్కరినీ అద్దాల గదిలోకి పంపి పాడించడం. శబ్దం శుభ్రంగా ఉంటుంది, తప్పు దొర్లితే ఆ ముక్క ఒక్కటీ మళ్ళీ పాడిస్తే సరిపోతుంది. కానీ ఒంటరిగా పాడిన మనిషి తన గొంతు తాను వింటాడు, నచ్చదు, ఇంకొక్కసారి అంటాడు. ఇంకొకరు వచ్చి, ముందువాడు ఎలా పాడాడో వినిపించమంటారు. ఇరవై ఒక్కమందికి వారాలు పడుతుంది. క్విన్సీ అందర్నీ గుర్రపు నాడా ఆకారంలో ఒకరికొకరు కనిపించేట్టు నిలబెట్టాడు. ఇద్దరు ముగ్గురికి ఒక మైకు. ట్రాకు నడుస్తుంది, వంతు వచ్చినవాడు మైకు దగ్గరికి జరిగి పాడాలి, పక్కకి తప్పుకోవాలి. ఎదురుగా రే చార్ల్స్ వింటుంటే ఎవడు ఒళ్ళు దాచుకుంటాడు? స్టీవీ వండర్ తర్వాత పాడాల్సినవాడు శ్రుతి ఎలా తప్పుతాడు?

మన మద్రాసు రికార్డింగ్ థియేటర్ల రోజులు తెలిసినవాళ్ళకి ఇది కొత్తకాదు. గాయకుడూ గాయనీ ఒకే మైకు ముందు, వెనక ఆర్కెస్ట్రా మొత్తం. ఆఖరి చరణంలో వయొలిన్ ఒక్కటి జారినా మళ్ళీ మొదటినుంచీ. ఆ భయమే పాటకి ఒక పదును పెట్టేది. 1985 నాటికి అమెరికాలో ఒక్కో గొంతునూ వేరే ట్రాకు మీద పెట్టి తీరిగ్గా అతికించే సాధనాలన్నీ వచ్చేశాయి. అవన్నీ చేతిలో ఉండి కూడా క్విన్సీ ఆ పాత భయాన్ని కావాలని తెచ్చిపెట్టుకున్నాడు.

ఆ పద్ధతిలో ఉన్న ప్రమాదం కూడా వెంటనే బయటపడింది. అన్ని మైకులూ తెరిచే ఉంటాయి. ఒకరు దగ్గినా అందరి పాటలోకి వస్తుంది. లయనల్ ఎత్తుకున్నాడు, స్టీవీ, పాల్ సైమన్, కెన్నీ రోజర్స్... పాట గొంతు మారుతూ నాడా చుట్టూ తిరుగుతోంది. ఆల్ జారో తన లైను దగ్గర తడబడ్డాడు. మళ్ళీ. ఇంకోసారి. స్టీవ్ పెర్రీ గొంతు లేచిన తీరుకి పక్కవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సిండీ లాపర్ వంతు వచ్చేసరికి అద్దం అవతల గాటికా తల ఎత్తాడు. టేపులో ఏదో సందడి. ఎవరో వెనక మాట్లాడుకుంటున్నట్టు, కిసకిసా నవ్వుతున్నట్టు. పాట ఆగింది. ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరూ మాట్లాడట్లేదు. మళ్ళీ మొదలు, మళ్ళీ అదే సందడి.

సిండీ మెడ నిండా దండలు, చేతుల నిండా గాజులు, చెవులకు వేలాడే గొలుసులు. ఆమె పాడేది ఒళ్ళంతా ఊపుతూ. ఊగిన ప్రతిసారీ అవి ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. నా నగలా అని నవ్వేసింది. అన్నీ తీసి ఒక్కొక్కటీ పక్కన పెట్టింది. ఈసారి టేపులో ఆమె గొంతు ఒక్కటే. ఆ గొంతు పైస్థాయికి చివ్వున లేచిన తీరు ఇవాళ విన్నా గుండె ఒక్క క్షణం ఆగుతుంది. నగలతో పాడినప్పుడు కూడా అంత బాగానే పాడింది. ఆ టేకులన్నీ మాత్రం వ్యర్థం. చిరాకుపడే హక్కు ఆ క్షణంలో అందరికన్నా ఎక్కువ క్విన్సీకే ఉంది. కెమెరాలో అతను నవ్వుతూనే కనిపిస్తాడు. అతను ఒక్కసారి గొంతు పెంచితే ఆ గాయకుల వరస మొత్తం బిగుసుకుపోయేది. ఆమె తర్వాత కిమ్ కార్న్స్, హ్యూయీ కూడా అదే ముక్కలో కలవాలి.

*

దాదాపు అందరివీ అయ్యాయి. డిలాన్ మిగిలాడు.

ఇరవయ్యేళ్ళుగా తన పాటలు తానే రాసుకుని, తన లెక్క ప్రకారం పాడుకున్న మనిషి. ఇంకొకరు కట్టిన వరస, ఇంకొకరు కొలిచి ఇచ్చిన స్థాయి, చుట్టూ గొంతులు చీల్చగల మొనగాళ్ళు. కాగితం పట్టుకుని మైకు ముందు నిలబడ్డాడు. పాడితే గొంతు లోపలే ఉండిపోతోంది. స్టీవీని పియానో మీద ఒకసారి వాయించమని అడిగాడు. స్టీవీ వాయించాడు. వాయిస్తూ ఆ లైను అచ్చం డిలాన్ గొంతుతో పాడాడు. ముక్కుతో సాగదీసి, మాటను మధ్యలో విరిచి, డిలాన్ అయితే ఇలా పాడతాడు అన్నట్టు. అనుకరణలో స్టీవీ ఘనుడు. తన గొంతును ఎదుటివాడి నోట విని డిలాన్‌కి తన గొంతు గుర్తొచ్చింది.

అప్పుడు క్విన్సీ ఆ రాత్రి అన్ని పనుల్లోకీ సున్నితమైన పని చేశాడు. అవసరం లేనివాళ్ళను స్టూడియోలోంచి పంపించేశాడు. అప్పటిదాకా నలుగురూ చూస్తుండగా పాడించడమే అతని పద్ధతి. ఇప్పుడు ఒక్క మనిషి కోసం ఆ పద్ధతి మార్చేశాడు. మిగతావాళ్ళకి చూసే కళ్ళు బలమైతే, ఇతనికి అవే బరువు. పియానో దగ్గర స్టీవీ, మైకు ముందు డిలాన్, పక్కన తనూ. డిలాన్ పాడాడు. బాగాలేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. క్విన్సీ దగ్గరికెళ్ళి కావిలించుకుని, ఇదే నాకు కావలసింది అన్నాడు. డిలాన్ మొహంలో ఆ రాత్రంతా కనపడని నవ్వు. రికార్డులో ఆ లైను రాగానే ఎవరిదో పేరు చూడకుండానే తెలిసిపోతుంది.

ఆఖరి వంతు స్ప్రింగ్‌స్టీన్‌ది. బయట తెల్లారింది. నెలల తరబడి టూర్‌లో అరిచి అరిచి గొంతు గరుకుగా ఉంది. స్టీవీ గొంతుతో సవాలు జవాబుగా పల్లవి చివర్న కొట్టాల్సిన ముక్కలు. ఎలా పాడమంటారని అడిగితే, కోరస్‌ని ఉషారు చేసే చీర్‌లీడర్‌లా పాడమన్నాడు క్విన్సీ. పాట కాగితాన్ని మడిచి జీన్స్ వెనక జేబులో దోపుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఒళ్ళంతా గొంతు చేసుకుని అరిచాడు. అయ్యాక, ఇలాంటిదేనా మీక్కావలసింది అన్నట్టు చూశాడు. క్విన్సీ పగలబడి నవ్వాడు. ఇంకో టేక్ అడగాల్సిన పనిలేదు.

ఉదయం ఎనిమిదయ్యేసరికి స్టూడియో ఖాళీ. డయానా రాస్ మాత్రం కదల్లేదు. ఇది అయిపోవడం నాకు ఇష్టం లేదంటూ ఏడుస్తూ ఉండిపోయింది.

*

మార్చి 7న రికార్డు విడుదలైంది. మొదట పంపిన 8 లక్షల కాపీలు రోజుల్లో చెల్లిపోయాయి. ఏప్రిల్ 5న, గుడ్‌ఫ్రైడే నాడు, 8 వేల పైచిలుకు రేడియో స్టేషన్లు ఒకే సమయానికి ఆ పాట వేశాయి. 6 కోట్ల డాలర్లకు పైగా పోగైంది. మరుసటి ఏడాది గ్రామీల్లో ఆ ఏటి ఉత్తమ రికార్డు, ఉత్తమ గీతం రెండూ దానికే. కూల్‌డ్రింకు ప్రకటనలా ఉందన్న విమర్శకులు కూడా ఉన్నారు. ఆ మాటను పూర్తిగా కొట్టిపారెయ్యలేను. పాటగా చూస్తే అది పంచదార పాకమే, మైకేల్, లయనల్ విడివిడిగా కట్టినవాటిలో ఇంతకన్నా మంచివి చాలా ఉన్నాయి. రికార్డింగుగా చూస్తే మాత్రం దానికి సాటి వచ్చేది నేను వినలేదు. అదే పద్ధతి, అంతమంది గాయకులు, అదే లక్ష్యంతో తర్వాత చాలా దేశాల్లో చాలా పాటలొచ్చాయి. ఒకటి రెండు తప్ప గుర్తున్నవి లేవు.

క్విన్సీ ఆ ఏడాదే ‘ది కలర్ పర్పుల్’ సినిమా నిర్మాణంలో, సంగీతంలో మునిగిపోయాడు. 2024 నవంబరులో, 91 ఏళ్ళ వయసులో పోయాడు. ప్రిన్స్ ఆ రాత్రి రాలేదు గానీ, ఆ పాట పేరుతో వచ్చిన ఆల్బమ్‌కి తన పాట ఒకటి ఇచ్చాడు, తీసుకున్నారు. ఇక రికార్డు అట్ట మీద కోరస్ పాడినవాళ్ళ పేర్లు అక్షర క్రమంలో అచ్చయ్యాయి. స్వాహిలీ దగ్గర తలుపు తీసుకుని వెళ్ళిపోయిన వేలన్ జెన్నింగ్స్, నొచ్చుకుని వెళ్ళిపోయిన షీలా ఈ, ఇద్దరి పేర్లూ ఆ వరసలో ఉన్నాయి.